నీలగిరి తైలం, కర్పూరం, లవంగ నూనె: ఇంటి వైద్యానికి హద్దులు ఎక్కడ?

2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ రెండో ఉధృతి సాగుతూ ఆసుపత్రుల్లో ఆక్సిజన్ పడకలకు కటకట ఏర్పడిన రోజుల్లో, ఒక సందేశం ఫోన్ల ద్వారా దేశమంతా తిరిగింది. కర్పూరం, లవంగాలు, వాము కలిపి మూటకట్టి, దాని మీద కొన్ని చుక్కల నీలగిరి తైలం వేసి, పగలూ రాత్రీ వాసన చూస్తూ ఉంటే రక్తంలో ఆక్సిజన్ శాతం పెరుగుతుందని దాని సారాంశం. అందులో నిజం లేదని వైద్యులు చెప్పారు. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు వాపుతో, ద్రవంతో నిండిపోయినప్పుడు రక్తంలోకి ఆక్సిజన్ చేరే దారి మూసుకుపోతుంది. ముక్కు దగ్గర పట్టిన ఏ వాసనా ఆ దారిని తెరవలేదు. అయినా ఆ మూట వాసన చూసినవారికి ఊపిరి కాస్త తేలికైనట్టు అనిపించడం కూడా అబద్ధం కాదు.

సుగంధ తైలాల గురించిన చిక్కంతా ఇక్కడే ఉంది. అవి ఇచ్చే ఉపశమనం నిజమైనదే, కానీ ఆ ఉపశమనానికి మనం ఊహించుకునే కారణం చాలాసార్లు నిజం కాదు. ఈ తేడా తెలియనివారు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు వీటిని మందులకు బదులుగా వాడి, అసలు వైద్యాన్ని వాయిదా వేస్తారు. మరికొందరు అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నవే కదా, వీటితో హాని ఏముంటుందని పసిపిల్లల ముక్కుల దగ్గర పెడతారు. నా దృష్టిలో రెండో పొరపాటే ఎక్కువ ప్రమాదకరం. అందుకే ఈ వ్యాసంలో ఏ నూనె ఏ జబ్బుకు పనిచేస్తుందన్న పట్టిక కంటే, ఏ నూనెను ఏ దారిన, ఎంత మోతాదులో, ఎవరికి ఇస్తున్నామన్న ప్రశ్నకే ఎక్కువ చోటు దక్కింది.

మొక్కల ఆకులు, పూలు, బెరడు, గింజలను ఆవిరితో ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చితే నీటి నుంచి విడిపోయే పలుచని వాసన ద్రవాన్ని సుగంధ తైలం అంటున్నాం. నిమ్మ, నారింజ తొక్కల నుంచి మాత్రం దీన్ని ఎక్కువగా పిండి తీస్తారు. వంటకు, తలకు వాడే నువ్వుల నూనె, కొబ్బరి నూనెలతో దీనికి పోలిక లేదు. అవి కొవ్వు పదార్థాలు, గాలికి ఆవిరైపోవు, జిడ్డు మరక వదులుతాయి. ఇవి ఆవిరైపోతాయి, సులువుగా అంటుకుంటాయి, చర్మం గుండా లోపలికి దిగుతాయి. ఆయుర్వేద దుకాణాల్లో దొరికే నారాయణ తైలం వంటివి మూలికలను నువ్వుల నూనెలో కాచి తీసినవి. వాటిని ఒళ్లంతా మర్దించినట్టు నీలగిరి తైలాన్ని మర్దిస్తే చర్మం కాలుతుంది. ఒకే అల్మారాలో పక్కపక్కనే పెట్టి అమ్మే ఈ రెండు రకాల సీసాల మధ్య తేడాను చాలామంది కొనుగోలుదారులు గమనించరు.

గాఢత సంగతి ఇంకా ముఖ్యం. వంద కిలోల నీలగిరి ఆకు నుంచి ఒకటి రెండు కిలోల తైలం వస్తుంది. ఒక కిలో గులాబీ తైలానికి మూడు వేల కిలోలకు పైగా రేకులు కావాలి. ఆకును కషాయంగా తాగిన అనుభవం నుంచి, పువ్వును తలలో తురుముకున్న అనుభవం నుంచి ఈ నూనెల భద్రతను అంచనా వేయలేం. మన పెద్దలు వాడింది ఎక్కువగా ఆకులు, గింజలు, పొడులు. ఇప్పుడు మనం వాడుతున్నది వాటి సారం. అనుభవానికి పెద్ద విలువ ఉన్న మాట నిజమే, కానీ ఏ వస్తువుతో వచ్చిన అనుభవం ఆ వస్తువుకే వర్తిస్తుంది.

తెలుగు ఇళ్లలో ఈ సారాల వాడకం కొత్తది కూడా కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనాన్ని ప్రారంభించారు. హైదరాబాదులో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్ ముఖ్యంగా నీలగిరి తైలం మీద ఆధారపడిన యునానీ మందు. తలనొప్పికి కణతల మీద రాసే లేపనాలు, కడుపునొప్పికి నీళ్లలో చుక్కలుగా వేసే అమృతధార, పంటి నొప్పికి దూదితో అద్దే లవంగ నూనె, ఇవన్నీ ఒక కుటుంబానికి చెందినవే. ఎసెన్షియల్ ఆయిల్ అన్న పేరుతో, నల్ల గాజు సీసాల్లో, లావెండర్, టీ ట్రీ లాంటి పరాయి మొక్కల వాసనతో ఇవి మళ్లీ వచ్చేసరికి కొత్త వైద్యంలా కనబడుతున్నాయి, అంతే.

జలుబు, ముక్కు దిబ్బడ

ఇంట్లో ఈ నూనెలు ఎక్కువగా బయటికి వచ్చేది పడిశం పట్టినప్పుడే కాబట్టి ముందు దాన్నే చూద్దాం. పుదీనా జాతి నుంచి వచ్చే మెంథాల్, అంటే దుకాణాల్లో పుదీనా పువ్వు పేరుతో దొరికే తెల్లటి స్ఫటికాలు, మన నరాల చివర్లలో చల్లదనాన్ని గుర్తించే ఒక గ్రాహకాన్ని తాకుతుంది. ఆ గ్రాహకం పేరు టీఆర్‌పీఎం8. చలిగాలి తగిలినప్పుడు మేల్కొనే ఈ గ్రాహకాన్ని శాస్త్రవేత్తలు 2002లో గుర్తించారు. ఇలాంటి వేడి, స్పర్శ గ్రాహకాల మీద పరిశోధనకే డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూషియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నీలగిరి తైలంలో ప్రధానంగా ఉండే సినియోల్ కూడా ఇదే గ్రాహకాన్ని కొంత కదిలిస్తుంది. దాంతో ముక్కు లోపల చల్లగాలి ఎక్కువగా వీస్తున్నట్టు మెదడుకు కబురు అందుతుంది.

ఇంగ్లండు పక్కనే ఉన్న వేల్స్‌లో, కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ ఎకిల్స్ బృందం దీన్ని కొలిచి చూసింది. మెంథాల్ పీల్చినవారు ముక్కు తెరుచుకుందని చెప్పారు, కానీ ముక్కు గుండా గాలి పోవడానికి ఎదురయ్యే అడ్డంకిని యంత్రంతో కొలిస్తే అది ముందు ఎంత ఉందో తరువాతా అంతే ఉంది. గడియారం ముల్లు వెనక్కి తిప్పితే పొద్దు వెనక్కి పోనట్టే, ముక్కులో చల్లదనం కలిగినంత మాత్రాన దిబ్బడ తగ్గిపోదు. అలాగని ఆ అనుభూతిని తీసిపారేయనక్కర్లేదు. జలుబు ఎలాగూ వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గే జబ్బు. ఆ లోపల రాత్రి నిద్ర పట్టేలా చేసేది ఏదైనా పనికొచ్చేదే. అమెరికాలో 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 2 నుంచి 11 ఏళ్ల మధ్య వయసున్న 138 మంది జలుబు పిల్లల్లో కొందరికి కర్పూరం, మెంథాల్, నీలగిరి కలిసిన లేపనాన్ని, కొందరికి వాసనలేని లేపనాన్ని రాశారు, కొందరికి ఏమీ రాయలేదు. మొదటి జట్టు పిల్లలు మెరుగ్గా నిద్రపోయారని తల్లిదండ్రులు చెప్పారు. చర్మం మంట, కళ్ల మంట లాంటి ఇబ్బందులు కూడా ఆ జట్టులోనే ఎక్కువ కనబడ్డాయి.

కానీ ఆస్తమా ఉన్నవారికి, న్యుమోనియా మొదలైనవారికి ఈ అనుభూతే మోసం చేస్తుంది. ఊపిరి బాగానే ఆడుతోందన్న భ్రమలో ఒక రోజు ఆలస్యమైతే ఆ రోజు చాలా ఖరీదైనది కావచ్చు. ఘాటైన వాసనే కొందరిలో ఆస్తమాను రెచ్చగొడుతుంది కూడా.

ఇక ఆవిరి పట్టడం. వేడి తేమగాలి జలుబు కాలాన్ని తగ్గిస్తుందా అని, ఒకే ప్రశ్న మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్షించింది, స్పష్టమైన ప్రయోజనం కనబడలేదు. హాయిగా ఉంటే పెద్దవాళ్లు పట్టుకోవచ్చు. పిల్లల విషయంలో మాత్రం నీలగిరి తైలం కంటే ముందు భయపడాల్సింది మరిగే నీళ్ల గిన్నెకు. దుప్పటి కింద గిన్నె ఒరిగి తొడల మీద, పొట్ట మీద కాలిన పిల్లలను చూడని పిల్లల వైద్యుడు ఉండడేమో. పైగా మరిగే నీటిలో లేపనాన్ని ముద్దలుగా కలిపితే ఆవిరితో పాటు కర్పూరం ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో లోపలికి పోతుంది, కళ్లలో గుచ్చుతుంది.

ఒక చిన్న పక్క విషయం. నీలగిరి కొండల మీద 19వ శతాబ్దం మధ్యలో వంటచెరకు కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్ వేరు, మన పల్లెల్లో జామాయిల్ అంటూ కాగితం మిల్లుల కోసం పెంచే యూకలిప్టస్ వేరు. ఒకే జాతిలోని వేర్వేరు రకాలు అవి. వాటిలోని సినియోల్ శాతం ఒకటి కాదు. పొలం గట్టు మీది జామాయిల్ ఆకులు మరిగించి ఆవిరి పడితే వాసన వస్తుంది కానీ, మందుల ప్రమాణాలకు తగ్గ నీలగిరి తైలంలో ఉండే 70 శాతానికి పైబడిన సినియోల్‌ను దాని నుంచి ఆశించలేం. జర్మనీలో సైనస్ వాపుకు, బ్రాంకైటిస్‌కు ఇచ్చే సినియోల్ మందైతే శుద్ధిచేసి, 200 మిల్లీగ్రాముల చొప్పున కొలిచి, పేగుల్లో మాత్రమే కరిగే గుళికల్లో పెట్టినది. ఆ గుళికల మీద వచ్చిన మంచి ఫలితాలను చూపించి సీసాలోని నూనెను చెంచాతో తాగమనడం సరికాదు.

ఆధారం ఉన్న కొన్ని వాడకాలు

లవంగ నూనెకు పంటి నొప్పిలో ఉన్న పేరు ఊరికే వచ్చింది కాదు. అందులో ఎక్కువ భాగం యూజినాల్. అది నరం గుండా నొప్పి కబురు పోకుండా కొంతసేపు అడ్డుకుంటుంది. దంతవైద్యులు తాత్కాలికంగా పన్ను పూడ్చేందుకు జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడేది ఈ యూజినాల్‌నే. కువైట్ విశ్వవిద్యాలయంలో 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, అంగిలి మీద సూది గుచ్చేముందు లవంగాల ముద్ద రాసినా, తిమ్మిరి ఎక్కించే మందు బెంజొకెయిన్‌ను 20 శాతం గాఢతలో రాసినా నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి అర్ధరాత్రి పిప్పి పన్ను సలిపితే, కొబ్బరి నూనెలో కలిపిన ఒకటి రెండు చుక్కలను దూదితో ఆ పన్ను మీద అద్దుకోవడంలో తప్పులేదు. అచ్చమైన నూనెను చిగుళ్ల మీద పోస్తే చిగురు కాలి తెల్లబడి పుండవుతుంది. నొప్పి తగ్గిన మరునాడు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లకపోవడం ఇంకో తప్పు. పుచ్చు అక్కడే ఉంటుంది, చీము లోపలికి పాకుతూనే ఉంటుంది. పసిపిల్లలకు పళ్లు వచ్చేటప్పుడు చిగుళ్లకు లవంగ నూనె రాయడం అసలు చేయకూడదు. రెండు చెంచాల లవంగ నూనె మింగిన చిన్న పిల్లల్లో కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

పుదీనా నూనెకు కడుపు విషయంలో మంచి ఆధారమే ఉంది. పేగు గోడల్లోని కండరాన్ని అది సడలిస్తుంది. మలబద్ధకం, విరేచనాలు, కడుపు కండరాలు పట్టేయడం మార్చిమార్చి వేధించే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌కు దీన్ని వాడవచ్చని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ) 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు సూచించాయి. అయితే పరీక్షించినవి ఎక్కువగా పేగుల్లో కరిగే పూత ఉన్న గుళికలు. పూత లేకుండా నూనెను మింగితే అది అన్నవాహిక అడుగున ఉండే బిగువును కూడా సడలిస్తుంది, ఫలితంగా పుల్లటి తేన్పులు, గుండెలో మంట పెరుగుతాయి. అజీర్తికని పుదీనా నూనె చుక్కలు తాగి, మంట ఎక్కువైందని ఇంకొన్ని చుక్కలు తాగేవారి కథ ఇదే. తలనొప్పి సంగతికి వస్తే, మెడ, నుదురు బిగిసినట్టు వచ్చే తలనొప్పికి 10 శాతం పుదీనా నూనె కలిసిన ద్రావణాన్ని నుదుటికీ కణతలకూ రాయడం జర్మనీలో జరిగిన ప్రయోగాల్లో పారాసిటమాల్‌కు దీటుగా నిలిచింది. మన ఇళ్లలో తలనొప్పికి లేపనం రాసే అలవాటుకు ఇంతకంటే గట్టి సమర్థన దొరకదు.

మొటిమలకు 5 శాతం టీ ట్రీ నూనె జెల్‌ను, మొటిమలకు మామూలుగా వాడే మందు బెంజాయిల్ పెరాక్సైడ్ (5 శాతం)తో పోల్చి 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద పరీక్షించారు. రెండూ పనిచేశాయి; టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, చర్మం పొడిబారడం, మండటం మాత్రం తక్కువగా ఉంది. లావెండర్ వాసనతో నిద్ర, మనశ్శాంతి కలుగుతాయన్న వాదనకు వెనుక ఉన్న మెరుగైన ప్రయోగాలు కూడా వాసన మీద కాక, జర్మనీలో తయారయ్యే 80 మిల్లీగ్రాముల గుళిక మీద జరిగినవే. నిమ్మగడ్డి, సిట్రొనెల్లా నూనెలు దోమలను తరిమినా ఎక్కువసేపు నిలవవు. డెంగీ కాలంలో పిల్లలను వాటి మీదే వదిలేయడం మంచిది కాదు. చక్కెర వ్యాధి, రక్తపోటు, థైరాయిడ్, క్యాన్సర్‌లకు ఫలానా నూనె మందు అని ఎవరైనా అంటే అక్కడితో ఆ సంభాషణ ముగించవచ్చు.

కర్పూరం సంగతి వేరుగా చెప్పాలి

మన ఇళ్లలో అత్యంత సులువుగా దొరికే, అత్యంత తక్కువ భయంతో వాడే పదార్థం కర్పూరం. హారతికి వాడేది చాలావరకు టర్పెంటైన్ నుంచి కర్మాగారాల్లో తయారైనది. ప్రసాదాల్లో చిటికెలో పదో వంతు వేసే పచ్చకర్పూరం వేరు. వాసన ఒకటే కాబట్టి ఒకటి బదులు ఇంకొకటి వాడేస్తారు. బీరువాల్లో వేసే కలరా ఉండలు నాఫ్తలీన్‌తో చేసినవి. వాటికీ కర్పూరానికీ సంబంధం లేకపోయినా ఆ పొరపాటూ జరుగుతూనే ఉంటుంది.

కర్పూరం నోటి ద్వారా లోపలికి పోతే నేరుగా మెదడును రెచ్చగొడుతుంది. మింగిన కొద్ది నిమిషాల నుంచి గంటన్నర లోపల ఫిట్స్ రావచ్చు, అంతకుముందు వాంతులు, చిరాకు తప్ప వేరే హెచ్చరిక ఉండకపోవచ్చు. చిన్న పిల్లల్లో ఒక గ్రాము కర్పూరం ప్రాణం తీసిన ఉదంతాలున్నాయి. అమెరికాలో ఒకప్పుడు పత్తిగింజల నూనెలో 20 శాతం కర్పూరం కలిపిన కర్పూర తైలం ఇళ్లలో ఛాతీకి రాసేందుకు అమ్మేవారు. దాన్ని ఆముదం అనుకుని పిల్లలకు తాగించిన ఘటనలు పదేపదే జరగడంతో 1980ల మొదట్లో ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ తైలాన్ని నిషేధించింది, మిగిలిన మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని హద్దు పెట్టింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. కొబ్బరి నూనెలో కర్పూరం బిళ్లలు వేసి, కరిగించి, పసివాడి ఛాతీకీ వీపుకూ రాయడం తెలుగు ఇళ్లలో ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. ఎన్ని బిళ్లలు, ఎంత నూనె అన్న కొలత ఎవరికీ ఉండదు. దుకాణంలో అమ్మే లేపనాల్లో కర్పూరం సుమారు 5 శాతం ఉంటే, ఇంట్లో కరిగించిన దానిలో అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. పసిపిల్లల చర్మం పలుచన, బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ, కాలేయం ఇంకా ముదరలేదు. కంపెనీలు తమ లేపనాల మీద రెండేళ్లలోపు పిల్లలకు వాడవద్దని ముద్రించేది ఇందుకే. ఇంట్లో చేసిన తైలం మీద ఆ హెచ్చరిక ముద్రించేవారు ఉండరు. ముక్కు కింద రాయడం ఇంకా ప్రమాదం. మెంథాల్, కర్పూరాల ఘాటు ముక్కును తాకగానే కొందరు పసికందుల్లో గొంతు బిగుసుకుని ఊపిరి కాసేపు ఆగిపోతుంది. పాపకు జలుబు తగ్గాలని రాసిన మందే ఇలా చేస్తుందని ఏ తల్లీ ఊహించదు.

పెద్దలకు ప్రమాదం లేదనుకోవడం కూడా సరికాదు. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నరాల వైద్యులు ఈ విషయం మీద కొన్నేళ్లుగా పని చేస్తున్నారు. దక్షిణాదిలోని నాలుగు ఆసుపత్రుల్లో నాలుగేళ్లపాటు, ఫిట్స్‌తో వచ్చిన పెద్దవాళ్లను సుగంధ తైలాల వాడకం గురించి ప్రత్యేకంగా ప్రశ్నించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 350 మందిలో 55 మంది ఫిట్స్‌కు నీలగిరి, కర్పూరం ఉన్న లేపనాలు, తైలాలతో సంబంధం ఉండవచ్చని తేల్చారు; అందులో 22 మందికి అంతకుముందు ఎన్నడూ ఫిట్స్ లేవు. ఇటువంటి అధ్యయనం కచ్చితంగా ఈ తైలమే కారణమని రుజువు చేయలేదు, ఎందుకంటే లేపనం రాసుకునే వారందరికీ ఫిట్స్ రావు. అయినా ఫిట్స్ వచ్చిన మనిషిని లేపనం వాడకం గురించి అడగాలని వైద్యులకు, ఇప్పటికే మూర్ఛ ఉన్నవాళ్లు నీలగిరి, కర్పూరాలకు దూరంగా ఉండాలని ఇంటివారికి గట్టిగా చెప్పడానికి అది చాలు.

చుక్కల లెక్క

పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం అన్న మూడు ఘన పదార్థాలను సమానంగా తీసుకుని ఒక సీసాలో వేసి కుదిపితే, కాసేపటికి నీళ్లు, వేడి ఏమీ లేకుండానే మూడూ కలిసి ద్రవంగా మారతాయి. విడివిడిగా ఎక్కువ వేడికి గానీ కరగని పదార్థాలు కలిసినప్పుడు ఆ కరిగే వేడి పడిపోవడమే దీనికి కారణం. చూడటానికి ఇంద్రజాలంలా ఉండే ఈ అమృతధారను కడుపునొప్పికి, వాంతులకు ఒకటి రెండు చుక్కలు నీళ్లలో వేసి పెద్దవాళ్లు తీసుకుంటారు. ఆ మోతాదులో పెద్దవాళ్లకు హాని అరుదు. కానీ లెక్క వేసి చూడండి. ఒక మిల్లీలీటరు ద్రవంలో దాదాపు మూడో వంతు గ్రాము కర్పూరం ఉంటుంది. దగ్గు మందు అనుకుని ఎవరైనా ఒక చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు పట్టిస్తే, పిల్లవాడి కడుపులోకి ఒకటిన్నర గ్రాముల కర్పూరం పోయినట్టే. చుక్కకూ చెంచాకూ మధ్య ఉన్న ఆ దూరమే ఈ నూనెల విషయంలో మందుకూ విషానికీ మధ్య దూరం.

కీళ్ల నొప్పులకు రాసే వింటర్‌గ్రీన్ నూనె లెక్క ఇంకా దారుణం. అది దాదాపు పూర్తిగా మిథైల్ సాలిసిలేట్, అంటే ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఒక చెంచాడు నూనె సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో, అంటే 325 మిల్లీగ్రాముల మాత్రలు ఇరవైకి పైగా మింగడంతో సమానం. గుండె జబ్బుకు వార్ఫరిన్ వంటి రక్తం పలుచన చేసే మందులు వాడుతున్న పెద్దలు మోకాళ్లకు దీన్ని పూటపూటా పట్టించి పైన వేడి కాపడం పెడితే, చర్మం గుండా లోపలికి పోయిన మందుతో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. ఇంట్లో మామగారి మాత్రల డబ్బా ఒక గదిలో, నొప్పి నూనె సీసా ఇంకో గదిలో ఉండటం వల్ల ఈ రెండింటికీ సంబంధం ఉందన్న ఆలోచన ఎవరికీ రాదు. వైద్యుడు ఏ మందులు వాడుతున్నారని అడిగినప్పుడు పూత మందుల పేర్లు కూడా చెప్పాలి.

చర్మానికి రాసేటప్పుడు పెద్దవాళ్లకు ఒకటి నుంచి రెండు శాతం గాఢత చాలు. 30 మిల్లీలీటర్ల కొబ్బరి లేదా నువ్వుల నూనెలో ఆరు చుక్కలు కలిపితే సుమారు ఒక శాతం, పన్నెండు కలిపితే రెండు శాతం. ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి, ఒకటి రెండు రోజులు చూడాలి. నూనె పాతబడి గాలి తగిలితే అందులోని కొన్ని పదార్థాలు మారిపోయి, ఎలర్జీ తెచ్చే గుణం పెరుగుతుంది. టీ ట్రీ, నిమ్మజాతి నూనెల్లో ఇది ఎక్కువ. అందుకే వాసన మారిన, ఏళ్ల తరబడి మూత వదులుగా ఉన్న సీసాను పారేయడం మేలు. తొక్క నుంచి పిండిన నిమ్మజాతి నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లటి మచ్చలు పడవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుడిని అడగకుండా వాడకపోవడమే మంచిది. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే వాటి ఒంటికి టీ ట్రీ నూనె రాయకూడదు.

కొనేటప్పుడు సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారన్న వివరం, తయారీ తేదీ ఉండాలి. అవి లేకుండా కేవలం సువాసన నూనె అని ఉంటే అది అగరుబత్తికి పనికొస్తుందేమో గానీ ఒంటికి పనికిరాదు. 'థెరప్యూటిక్ గ్రేడ్' అన్న ముద్రకు మోసపోనవసరం లేదు. ఏ ప్రభుత్వ సంస్థా అలాంటి శ్రేణిని నిర్ణయించలేదు, అది అమ్మకందారులు పెట్టుకున్న పేరు. తెలిసినవారి ద్వారా గొలుసుకట్టుగా అమ్మే పద్ధతిలో ఈ నూనెలు అమెరికాలో పెద్ద వ్యాపారంగా ఎదిగాయి. ఆ అమ్మకందారులు తమ నూనెలు ఎబోలాను కూడా ఎదుర్కొంటాయని ప్రచారం చేయడంతో, 2014లో ఎఫ్‌డీఏ కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపాల్సి వచ్చింది. స్నేహితురాలు చెప్పిందని కొన్న సీసాను అనుమానించడం మర్యాద కాదనిపిస్తుంది. ఆ మొహమాటమే ఆ వ్యాపారానికి పెట్టుబడి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా ఒక పిల్లవాడు సీసా ఎత్తి తాగాడనుకుందాం. నీలగిరి తైలమైతే ఒక చెంచాడు చిన్న పిల్లవాడి స్పృహ తప్పించగలదు. అప్పుడు ఉప్పు నీళ్లు పట్టించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించడం మొదట గుర్తొచ్చే పని, అది చేయకూడని పని కూడా. ఈ నూనెలు పలుచనివి, వాంతిలో సులువుగా ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడ వాపు తెస్తాయి. వాంతి మధ్యలో ఫిట్స్ వస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. పాలు, నెయ్యి పట్టడం కూడా వద్దు. పిల్లవాడు బాగానే ఆడుకుంటున్నాడని ఇంట్లో వేచి చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మగతగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మింగిన సీసాను, అందులో ఎంత మిగిలి ఉందో అలాగే, వెంట తీసుకెళ్లాలి. ఏ నూనె, ఎంత, ఎన్ని గంటలకు అన్న మూడు వివరాల మీదే అక్కడి వైద్యుడు ఎంతసేపు కనిపెట్టుకుని ఉండాలో, ఏ మందు సిద్ధం చేసుకోవాలో నిర్ణయిస్తాడు.